సోలార్ యాప్ తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మహేశ్వరం వాళ్లకి సోలార్ కొత్తేం కాదు. ప్యానెళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలే మన పక్కన ఉన్నాయి. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ అనేసరికి మేమూ డాబా మీద పెట్టించాం. వాకిట్లోకి ఎలక్ట్రిక్ స్కూటీ కూడా వచ్చింది.

మొన్న ఎండాకాలం బిల్లు చూస్తే, మనం బయటికిచ్చిన యూనిట్లు బాగా తగ్గాయి. కారణం చూద్దామంటే యాప్ మావారి ఫోన్‌లో, ఆయనేమో ఆఫీసులో. నా ఫోన్‌లో పెట్టుకుందామంటే, బిగించిన అబ్బాయి తన మెయిల్‌తోనే ఖాతా తెరిచాడట. పాస్‌వర్డ్ అడిగితే, "ఒకటి నుంచి ఆరు దాకా అక్కా, అందరికీ అదే పెడ్తం" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఊరందరి బీరువాలకీ ఒకే తాళంచెవి అంటే ఊరుకుంటామా?

అందులో దాచేదేముంది అంటారేమో. ఇంటి వాడకం కూడా చూపించే యాప్ అయితే, మనం పండక్కి ఊరెళ్లిన రోజు గీత కిందికి పడిపోతుంది. ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి అది చాలు. వైఫై ఛార్జర్‌నైతే ఎక్కడినుంచో ఆన్ చేయొచ్చు, ఆపొచ్చు.

పట్టుబట్టి ఖాతా మా మెయిల్‌కి మార్పించాను. రిపేరు వాళ్లకి చూసే అనుమతి మాత్రమే ఉంచాను. యాప్‌కీ, వైఫైకీ వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టాను. ఇంతకీ తేలిందేంటంటే, రోజుకి పన్నెండు యూనిట్లు రావాల్సింది దుమ్ము పట్టి తొమ్మిదే వస్తున్నాయి. పొద్దున్నే, ఎండెక్కకముందే కడిగిస్తే మళ్లీ పెరిగాయి.

అయితే యాప్ అన్నీ చెప్పదు. ప్లగ్గు వేడెక్కిందా, కాలిన వాసన వస్తోందా అన్నది మన చెయ్యి, మన ముక్కే చెప్పాలి. అందుకే స్కూటీని రాత్రంతా వదిలేయకుండా పగలు పదకొండింటికి నా కళ్లముందే పెడతాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడను. ఎండ కరెంటు కూడా అప్పుడే ఉంటుంది కదా. ఇంకోమాట, మెయిన్ ఆపినా ఎండలో ప్యానెళ్ల వైర్లలో కరెంటు ఉంటుంది. పిల్లల్ని వాటి జోలికి పోనివ్వకండి.

పడుకునేముందు గ్యాస్ ఆపామా లేదా అని చూసేది మనమే. ఇది మాత్రం మగవాళ్ల పని అని ఎందుకు వదిలేయాలి? ఈ సాయంత్రమే అడగండి, మీ ఇంటి సోలార్ పాస్‌వర్డ్ ఏంటని.