పన్నెండు పొరల నేల

ఊరుగాని ఊళ్ళో తరాలుగా కాపురం ఉన్నవాళ్ళకు చివరికి కావలసింది ఆరడుగుల నేల. అదీ కరువైతే? ప్రాగ్ నగరంలోని పాత యూదుల శ్మశానం కథ అదే.

15వ శతాబ్దం మొదటి సగంలో ఏర్పడిన ఈ శ్మశానంలో అతి పాత సమాధి రాయి 1439 నాటిది, అవిగ్దోర్ కారా అనే కవిది. యూదుల వాడ చిన్నది, శ్మశానం ఇంకా చిన్నది. పాత సమాధిని తవ్వి తీసివేయడం వారి ధర్మం ఒప్పుకోదు. అందుకని పైన కొత్త మట్టి పోసి మళ్ళీ పూడ్చారు. కింది రాళ్ళను పైకి తెచ్చి నిలిపారు. అలా కొన్నిచోట్ల పన్నెండు పొరలయ్యాయి! ఈనాడు పైకి కనిపించే రాళ్ళు సుమారు 12,000. సంతలో జనంలా ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి.

మనుషుల బొమ్మలు దాదాపు ఉండవు, గుర్తులుంటాయి. దీవించే రెండు చేతులుంటే పూజారి వంశం, కూజా ఉంటే లేవీయులు. 1613లో పోయిన చరిత్రకారుడు డేవిడ్ గాన్స్ రాయిమీద బాతు ఉంది. గాన్స్ అంటే పెద్దబాతు మరి! మన పులివారు, నెమలివారు ఈ పద్ధతి పెట్టుకుంటే ఎంత ముచ్చటగా ఉండేదో.

కలవారివి రాతి పెట్టెలాంటి సమాధులు. 1601లో పోయిన మైసెల్‌ది, 1609లో పోయిన పండితుడు రబ్బీ లోవ్‌ది అలాంటివే. అన్నిటిలోకీ అందమైనది మాత్రం 1628లో కన్నుమూసిన హెండెల్ బసేవి అనే ఇల్లాలిది. సింహాలు కాపలా ఉంటాయి.

నగరం నడుమ ఖననాలను రెండవ జోసెఫ్ చక్రవర్తి నిషేధించాడు. చివరి ఖననం 1787లో.

పక్కనే పింకాస్ ప్రార్థనా మందిరం. నాజీలు చంపిన చెక్ దేశపు యూదులు సుమారు 78,000 మంది పేర్లు 1950లలో దాని గోడలమీద చేత్తో రాశారు. తేమ పట్టి మందిరం మూతపడింది, పేర్లు పోయాయి. 1992-96 మధ్య మళ్ళీ మొదటినుంచీ రాశారు. వాళ్ళలో చాలామందికి సమాధి లేదు. పొరలు పొరలుగానైనా చోటు దొరికిన తాతముత్తాతల పక్కన, వీళ్ళకు గోడ మిగిలింది.

అక్కడికి వెళ్ళేవారు పూలు తీసుకుపోరు. ఒక గులకరాయి సమాధిమీద ఉంచి వస్తారు.