‘అప్’ వదిలేస్తే తేదీలు ఖర్జూరాలే!

సౌదీలో మనవాళ్లు కొందరు ఆఫీసు మెయిళ్లలో ‘ఐ మిక్స్‌డ్ ద డేట్స్’ అని రాస్తుంటారు. హిజ్రీ తేదీని ఇంగ్లిష్ తేదీ అనుకుని పొరబడ్డామని వాళ్ల ఉద్దేశం. చదివేవాళ్లకు మాత్రం సుక్కరి, అజ్వా ఖర్జూరాలు ఒకే పళ్లెంలో కలిపేసినట్టు ఉంటుంది! ‘మిక్స్’ అంటే కలపడం. ఒకదాన్ని మరొకటి అనుకుంటే ‘మిక్స్ అప్’.

అరబ్బు సహోద్యోగులదీ ఇదే తంటా. వాళ్ల భాషలో ‘ఖలత’ అంటే కలపడమే; పక్కన ‘బైన’ చేరిస్తే పొరబడటం. అందుకే ఇంగ్లిష్‌లోనూ ‘మిక్స్ బిట్వీన్’ అనేస్తారు. విని విని మనకూ అదే అలవాటవుతోంది.

ఇది వ్యాకరణం గొడవే అయితే నేనూ పట్టించుకోను. కానీ హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది. ఇఖామా గడువు దగ్గర తేదీ తారుమారైతే జరిమానా దాకా పోతుంది. 2016 అక్టోబరులో ప్రభుత్వ జీతాల లెక్క ఇంగ్లిష్ క్యాలెండర్‌కు మారినా, హిజ్రీ తేదీలు మన జీవితాల్లోంచి పోలేదు. హెచ్‌ఆర్‌కు రాసేటప్పుడు ‘ఐ మిక్స్‌డ్ అప్ ద హిజ్రీ డేట్ విత్ ద గ్రెగోరియన్ వన్’ అని రాసి, రెండు తేదీలూ పక్కపక్కనే పెట్టండి.

ఇంట్లో పిల్లలతో మాత్రం ‘మిక్స్ అప్ అయ్యాను’ ఎందుకండీ? ‘తికమకపడ్డాను’ అనొచ్చుగా.