శుభ్రంగా ఉంటే జబ్బు లేనట్టేనా?

తోటి తల్లుల్లారా! తండ్రుల్లారా! మనవల్ని సాకుతున్న అమ్మమ్మల్లారా, తాతయ్యల్లారా!

మొన్న వైకల్య సర్టిఫికెట్ కోసం మా పాపని సదరం క్యాంపుకి తీసుకెళ్లాను. పదమూడేళ్ల పిల్ల. నాలుగు నెలలు తిరిగితే దొరికిన స్లాటు! తెల్లారుజామున లేచి, రెండు బస్సులు మారి, మధ్యాహ్నం రెండింటిదాకా వరండాలో నిలబడ్డాం. లోపలికి పిలిచారు. పేరడిగారు, చెప్పింది. ఏ క్లాసని అడిగారు, చెప్పింది. "పిల్ల శుభ్రంగా ఉంది, చక్కగా మాట్లాడుతోంది, ఏం జబ్బమ్మా?" అన్నారు. అంతే. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

శుభ్రంగానా! అయ్యా, ఆ శుభ్రమే దాని జబ్బు! మా ఇంట్లో రెండు రోజులకో సబ్బు అరిగిపోతుంది. పొద్దున్నే కుళాయి దగ్గర కూర్చుందంటే బడి గంట కొట్టినా లేవదు. చేతులు కడుగుతుంది. లెక్క తప్పిందని మళ్లీ మొదట్నుంచి కడుగుతుంది. వేళ్ల సందుల్లో తోలు పగిలి నెత్తురొస్తుంది. పచ్చడి తగిలితే మంటకి కేకలు పెడుతుంది. అందుకే ముద్దలు కలిపి నోట్లో నేనే పెడతాను, పదమూడేళ్ల పిల్లకి! ఓసీడీ అంటారు దీన్ని. ఏడాదిన్నరగా బడి లేదు. దాన్ని ఒంటరిగా వదల్లేక నేను పనికి పోవడం మానేశాను.

మీ ఇంట్లో బాధ ఇంకోలా ఉండొచ్చు. మీవాడు నెలల తరబడి గది దాటి రావడం లేదేమో. మీ పిల్లకి ఎవరూ లేకుండానే మాటలు వినబడుతున్నాయేమో. వంతులేసుకుని రాత్రంతా కాపలా కాస్తున్నారేమో. కానీ మనందరం పడే మాటలు ఒకటే కదా? "కాలూ చేయీ బానే ఉన్నాయిగా!" "గారాబం చేసి పాడుచేశారు." "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి." తాయెత్తులకీ అప్పు చేశాం, మందులకీ అప్పు చేశాం. ఇంకా ఎన్నాళ్లు తలుపేసుకుని ఏడుద్దాం?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. మానసిక అనారోగ్యం అందులో ఉంది! బుద్ధిమాంద్యం వేరు, ఇది వేరు. రెండింటికీ చోటుంది. "బుద్ధిమాంద్యమైతేనే రాస్తాం" అని కౌంటర్లో ఎవరన్నా అంటే వెనక్కి రాకండి. వైకల్యం 40 శాతం వచ్చిందంటే ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలు. పిల్లలకి పింఛనేంటని నోళ్లు నొక్కుకునేవాళ్లకి చెప్పండి, దానికి వయసుతో పనిలేదు!

క్యూలో మన పిల్లల్ని "పిచ్చిది", "పిచ్చోడు" అని పిలిచారా? నలుగురిలో కావాలని అవమానిస్తే అదే చట్టం సెక్షన్ 92 కింద ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల జైలు. ఆ మాట వాళ్ల మొహం మీదే అనండి.

ఇక శాతం ఎలా లెక్కగడతారు? ఆ పద్ధతి పేరు ఐడియాస్. తన ఒంటి పనులు తను చేసుకుంటోందా? నలుగురిలో ఎలా ఉంటోంది? చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడుతోందా? పని సాగుతోందా, పిల్లలకైతే చదువు సాగుతోందా? ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికీ మార్కులు. మొత్తం 7 వస్తే 40 శాతం. ఓసీడీ మొదట్నుంచీ ఈ లెక్కలో ఉన్న జబ్బే! మరి కుళాయి దగ్గర ఎంతసేపు కూర్చుంటుందో, ముద్ద ఎవరు పెడతారో బల్లకి అవతలున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఇంట్లోవాళ్లని అడగాలి. కేసు షీటు చూడాలి. నన్నెవరడిగారు? నా చేతిలో ఫైలు తెరవనైనా తెరవలేదు!

పైగా దొంగ సర్టిఫికెట్లని అందర్నీ అనుమానంగా చూస్తున్నారు. దొంగల్ని పట్టుకోండి, మేమూ అదే అంటున్నాం! అమ్ముకున్నవాళ్లని వదిలేసి, మందుబిళ్ల లేనిదే నిద్రపోని పిల్లని నిలబెట్టి దొంగలా చూస్తారేం? మీరు కూడా, ఎంత ఆశ పెట్టినా, బ్రోకర్ల చేతిలో రూపాయి పెట్టకండి. వాళ్ల కాగితమే రేపు నిజమైన పిల్లల మెడకి చుట్టుకుంటుంది.

అక్కా, అన్నా! ఇవాళే ఒక నోటు పుస్తకం కొనండి. తేదీ వేసి రాయండి. ఎన్ని గంటలు నిద్రపోయాడు, అన్నం ఎవరు పెట్టారు, బడికి ఎన్నాళ్లు పోలేదు, ఏ రాత్రి ఏం జరిగింది. బాగున్న రోజు కూడా రాయండి, మనం అబద్ధం చెప్పక్కర్లేదు. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, మీరు చెబుతుంటే మేం రాస్తాం. మందుల చీటీ ఒక్కటి కూడా పారేయకండి. సర్టిఫికెట్ ఇవ్వం అంటే ఎందుకివ్వరో కాగితం మీద రాసిమ్మనండి. దాని మీద అప్పీలు చేసే హక్కు చట్టమే ఇచ్చింది.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. అందరం కలిసి పోదాం! తల్లి చెప్పింది రాసుకోకుండా శాతం వేయొద్దని అడుగుదాం. మన పిల్లల్ని ఆ జనంలో గంటలకొద్దీ నిలబెట్టకుండా విడిగా టైమివ్వమందాం. మానసిక వైద్యుడు లేని క్యాంపు మాకొద్దందాం. రసీదు చేతిలో పడేదాకా కదలొద్దు!

పొద్దున తొమ్మిదింటికి కలెక్టరాఫీసు గేటు దగ్గర ఉంటాం. పిల్లల్ని ఎండలో తిప్పకండి. వదిలి రాలేనివాళ్లు తీసుకురండి, చెట్టు కింద మాలో ఇద్దరు కూర్చుని చూసుకుంటారు. అందరికీ పులిహోర మేం కలిపి తెస్తాం. మీరు పుస్తకం తెండి.

ఇట్లు
మీలాంటి తల్లులు