జమా ఖర్చులు: పెట్టెకు పెట్టిన డబ్బు దండగా?

మన పత్రిక చదివేవారిలో చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చుట్టరికాలు ఉన్నవారు చాలామందే ఉంటారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే సీమ అది. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని నందికొండల చుట్టుపక్కలే పుడతాయి గానీ, ఏడాది పొడుగునా పారే నది అక్కడ ఒక్కటీ లేదు. సేద్యానికి బోరే దిక్కు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు అక్కడ వింత కాదు. ఇరవై అడుగుల పైపుల లెక్కన చూస్తే, వెయ్యి అడుగుల లోతునుంచి మోటారు పైకి తీయాలంటే దాదాపు యాభై జాయింట్లు విప్పాలి. బాగుచేశాక మళ్ళీ యాభై బిగించాలి. ఈ పని చేసే మెకానిక్కులు చిన్న ట్రక్కులో మూడు కాళ్ళ స్టాండు, చైన్ పుల్లీ, పైపు రెంచీలు వేసుకుని ఊరూరా తిరుగుతుంటారు.

అలాంటి ఒక అబ్బాయి 2016లో నేను పనిచేస్తున్న శాఖకు అప్పుకోసం వచ్చాడు. పాత బండి సొంత డబ్బుతో కొన్నాడు. సామాన్లకు మాత్రం అప్పు కావాలి. అతను తెచ్చిన కొటేషన్ మొత్తం 57,000 రూపాయలు. ముద్ర పథకంలో శిశు అప్పు 50,000 దాకానే. దాటితే కిశోర్ తరగతి, మరికొన్ని కాగితాలు. నేను ఎర్ర సిరా కలం తీసి జాబితా చూశాను. చివరి వరుసలో ‘ఇనుప పెట్టె, 7,000’ అని ఉంది. గీత గీసేశాను.

“పెట్టె లేకుంటే పానాలు యాడ పెట్టేది సార్?” అన్నాడు.

“గోనెసంచిలో వేసుకోప్పా. పెట్టె మోటారు బాగుచేస్తుందా?” అన్నాను. లెక్క సరిగ్గా యాభైకి కుదిరినందుకు లోలోపల సంతోషించాను కూడా.

రెండేళ్ళు కంతులు తప్పకుండా కట్టాడు. 2018 వేసవిలో రెండు నెలలు వరసగా ఆగిపోయాయి. పిలిపించాను. బాగేపల్లి దగ్గర గతుకుల దారిలో బండి వెనక తలుపు గొళ్ళెం ఊడి, గోనెసంచి జారిపోయిందట. వెనక్కి వెళ్ళి వెతికితే ఒక సుత్తి మాత్రం దొరికింది. రెంచీలు, క్లాంపులు, మీటరు అన్నీ పోయాయి. ఆ రోజు అతను వెళ్తున్నది ఒక టమాటా తోటకు. చేను పూత మీద ఉంది, మోటారు కాలిపోయింది. సామాన్లు అరువు తెచ్చి మోటారు పైకి తీసేసరికి నాలుగు రోజులయింది. ఎండకు పూత రాలిపోయింది. ఆ రైతు మళ్ళీ అతన్ని పిలవలేదు.

నన్ను ఒక్క మాట అనలేదు ఆ అబ్బాయి. “సంచి జారిపోయింది సార్” అన్నాడు, అంతే. ఫైలు తెరిస్తే నా ఎర్ర గీత నాకే కనబడింది.

ఆ ఆదివారం అతనితో కలిసి వెల్డింగ్ షాపులు తిరిగాను. కామర్సు చదివినవాడికి రేకు గేజీల సంగతి ఏం తెలుసు? అక్కడి మేస్త్రీల దగ్గర నేర్చుకున్నది, తర్వాత నలుగురిని అడిగి తెలుసుకున్నది మీకు చెప్తాను. మీ ఇళ్ళలో కరెంటు పనివారో, ఏసీ పనివారో, ప్లంబర్లో ఉంటే వారికీ పనికొస్తుంది.

మొదట కొలవాల్సింది బండిని కాదు, అన్నిటికంటే పొడుగైన పనిముట్టును. 36 అంగుళాల రెంచి ఉన్నవాడు మూడడుగుల లోపు పెట్టె కొంటే ఆ రెంచి బయటే ఉంటుంది, ముందు పోయేదీ అదే.

రెండోది రేకు మందం. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 22 గేజీ ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు, బరువు పడితే సొట్ట పోతుంది. 18 గేజీ సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజీ 1.6. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న పెట్టెకు 18 గేజీలో రేకు బరువు సుమారు పాతిక కిలోలు, 16లో ముప్పై రెండు కిలోల పైచిలుకు. మూడు మిల్లీమీటర్లది వేస్తే అరవై. చిన్న ట్రక్కు మోసేదే ముప్పాతిక టన్ను. మరీ మందం కూడా నష్టమే. అల్యూమినియం బరువు ఇనుములో మూడో వంతు, తుప్పు బెడద తక్కువ. కానీ ఖరీదెక్కువ, పల్లెలో అతుకు వేసేవాడు దొరకడం కష్టం. ప్లాస్టిక్ పెట్టె చేతిలో పట్టుకుని బోరు దగ్గరకు తీసుకెళ్ళడానికి మేలు. రోజంతా ఎండలో ఉంచితే కొన్నాళ్ళకు పెళుసెక్కుతుంది.

మూడోది తలుపు. పైకి తెరిచే మూత చవకే. కానీ దాని మీద పైపులు పడుకోబెడితే ఇక తెరవలేరు. పైపులు మోసే బండికి పక్కకు తెరుచుకునే తలుపే సరి. బందు తలుపు పొడుగునా ఉండాలి. అంచు బయటికి వంచి, లోపల రబ్బరు బీడింగు వేస్తే వాన నీరు దిగదు. అయినా అడుగున రెండు చిన్న రంధ్రాలు ఉంచాలి, చేరిన చెమ్మ పోవడానికి.

నాలుగోది బిగింపు. బోల్టులు పెట్టె లోపలినుంచి వేసి, పలుచని బండి రేకుకు కాకుండా కింది అడ్డపట్టీలకు పెద్ద వాషర్లతో బిగించాలి. అప్పుడు తాళం తీయకుండా విప్పడం కష్టం. బరువైనవి అడుగున, క్యాబిన్ వైపు. మీటర్లకు మెత్తని అర వేరుగా. మూత లోపల సామాన్ల జాబితా అంటించి, ఊరు కదిలేముందు ఒకసారి సరిచూసుకోవాలి.

ఇక మా భాషలో చెప్పాలంటే తరుగుదల లెక్క. ఉదాహరణకు 3,000 పెట్టి కొన్న పలుచని పెట్టె ఏడాదిన్నరకు పోతే ఏడాదికి 2,000 పడింది. 9,000 పెట్టి చేయించినది ఎనిమిదేళ్ళు వస్తే ఏడాదికి 1,125. చవక ఏదో మీరే చెప్పండి. గోనెసంచి ఖరీదు నేను ఇంకా లెక్క కట్టలేదు. అందులో ఆ టమాటా తోట కూడా ఉంది.

అప్పుకు వెళ్ళేవారికి ఒక మాట. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 15,000 రూపాయల పనిముట్ల సాయం ఉంది. వడ్రంగి, కమ్మరి, తాళాల పనివారు వంటి పద్దెనిమిది వృత్తులకే అది. మోటారు మెకానిక్కులు ఆ జాబితాలో లేరు, వారికి ముద్రే దారి. కొటేషన్‌లో పెట్టెను తప్పక రాయించండి. నాలాంటివాడెవరైనా గీత గీయబోతే, ఒక్క నిమిషం ఆగమని గట్టిగా అడగండి.

చింతామణి దగ్గరి కైవారం తాతయ్య, యోగి నారేయణుల వారు, మొదట గాజులు అమ్ముకుని బ్రతికినవారని చెప్తారు. గాజుల మలారం ఎంత జాగ్రత్తగా కట్టాలో ఊరూరా తిరిగే గాజుల శెట్టికి తెలుసు. సరుకు ఎంత ముఖ్యమో దాన్ని మోసే మూటా అంతే.

ఆ అబ్బాయి బాకీ తీరిపోయింది. పెట్టెకు మొన్న రెండోసారి రంగు వేయించాడట. ఎర్ర రంగే.