‘ఛపా క్యా?’ అని అడిగే ముందు

ఇప్పుడు మన దావత్‌లలో పీహెచ్‌డీ చేస్తున్న ఆడపిల్లలు కనిపిస్తున్నారు. మా తరానికి ఇది కొత్త, ఖుషీ కలిగించే కొత్త. ఆ పిల్ల ప్లేటు పట్టుకుని కూర్చోగానే ఖాలాలు, ఫుప్పూలు రెండు సవాళ్లు వేస్తారు. రిష్తా చూస్తున్నారా అన్నది మొదటిది. దాని జోలికి నేను పోను. ‘పేపర్ ఛపా క్యా బేటీ?’ అన్నది రెండోది. అడిగేవాళ్ల నియ్యత్ మంచిదే. కానీ ఆ సవాల్ వెనకున్న జల్దీబాజీ మన పిల్లల మెహనత్‌ను బర్బాద్ చేస్తున్నది కాబట్టి రాస్తున్నాను.

అఖ్బార్‌లో పనిచేసేవాణ్ణి. నేను సాయంత్రం మజ్మూన్ ఇస్తే డెస్కువాళ్లు నాలుగు వాక్యాలు కోసి పొద్దున్నే జనం చేతికిస్తారు. పేపర్ ఛప్నా అంటే మన ఇళ్లల్లో తెలిసింది ఇదే. యూనివర్సిటీ వాళ్ల జర్నల్ సంగతి వేరు. అక్కడ ఎడిటర్ ఆ మజ్మూన్‌ను ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరికి పంపుతాడు. వాళ్లు చదివి, ఇది చాలదు, ఇది తప్పు, దీనికి సుబూత్ ఏది అని రాసి వెనక్కి పంపుతారు. ఉర్దూ ఇళ్లల్లో దీనికి ఎప్పటినుంచో ఒక పేరుంది: ఇస్లాహ్. షాగిర్ద్ గజల్ రాసి తెస్తే ఉస్తాద్ ఎర్ర సిరాతో మిస్రాలు దిద్దేవాడు. తేడా అల్లా, ఇక్కడ గజల్ ఎవరిదో ఉస్తాద్‌కు చెప్పరు, ఉస్తాద్ ఎవరో షాగిర్ద్‌కు చెప్పరు. దీనికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ ఏడాది పిల్ల ఖాళీగా కూర్చుందని అనుకోకండి.

మా ఖాలాజాద్ బెహన్ కూతురు పీర్ల పండుగ పాటల మీద పరిశోధన చేస్తోంది. నాలుగేళ్లు ఊళ్లు తిరిగి, ఆషూర్ఖానాల దగ్గర కూర్చుని, ముసలమ్మలు పాడిన తెలుగు పాటలు రికార్డు చేసింది. నిరుడు ఆమెకొక మెయిల్ వచ్చింది. ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారికి’ అని మొదలుపెట్టి, మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, మూడున్నర వేలు కట్టండి అన్నారు. వాళ్ల అబ్బాకు టైలరింగ్ షాపుంది. ‘ఫీసే కదా మియా, కట్టేస్తే పోతుంది’ అన్నాడు నాతో. ఆ మాటలో మోసపోయే అమాయకత్వం నాకు కనబడలేదు, షరాఫత్ కనబడింది. మనవాళ్లకు చదువంటే ఫీజే. స్కూలుకు కట్టారు, హాస్టల్‌కు కట్టారు, ఎగ్జామ్‌కు కట్టారు. కట్టకుండా వచ్చేదాని మీదే వాళ్లకు షక్. ఈ దుకాణాలకు కావలసిన గిరాకీ ఇలాంటివాళ్లే.

ఆ జర్నల్ తెరిచి చూశాను. ఒకే సంచికలో సిమెంటు కాంక్రీటు గురించి ఒకటి, వేపాకు గుణాల మీద ఒకటి, జాషువా మీద ఒకటి. ఆ మూడింటినీ దిద్దగల ఉస్తాద్ ఎవరో నాకైతే తెలియదు. అట్ట మీద ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉందని దుల్హేభాయ్ చూపించాడు. ఆ ఎనిమిది అంకెలు పత్రికను గుర్తుపట్టడానికి మాత్రమే. దర్ఖాస్తు చేసిన పత్రికకు అది దొరుకుతుంది, లోపలి సరుకుకు అది గవాహీ కాదు.

ఇది మన గల్లీ వ్యవహారమే అనుకోకండి. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు కావాలని తప్పులు పెట్టి ఒక నకిలీ పరిశోధనా వ్యాసం తయారుచేసి 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అంగీకరించాయి. మన హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష జరగకుండానే జరిగినట్టు చెప్పారనీ, ఫీజు సంగతి ముందుగా చెప్పకుండా దాచారనీ ఆరోపణ. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. చార్మినార్, బిర్యానీలతో పాటు మన షహర్‌కు ఈ షోహరత్ కూడా దక్కింది.

మూడున్నర వేలు పోతే పోయాయి. అసలు నుక్సాన్ వేరే ఉంది. ఒకచోట అచ్చయిన మజ్మూన్‌ను మంచి జర్నల్ మళ్లీ తీసుకోదు. ఆ ముసలమ్మల పాటలు, ఆ నాలుగేళ్ల తిరుగుడు ఎవరూ చదవని, ఎవరూ నమ్మని చోట దఫనైపోతాయి. రేపు ఇంటర్వ్యూలో కూర్చున్న ప్రొఫెసర్ ఆ జర్నల్ పేరు చూసి ఏమీ అనడు. ఫైలు మూస్తాడు, అంతే.

అన్ని ఫీజులూ దగా అని నేననడం లేదు. చదివేవాళ్లకు ఉచితంగా ఇచ్చే మంచి జర్నళ్లు కొన్ని రాసినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటాయి, అదీ సమీక్ష అయి ఒప్పుకున్నాకే. తాహత్ లేనివాళ్లకు మాఫీ ఇచ్చేవీ ఉన్నాయి. అయితే సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రాల్లో పైసా తీసుకోని మంచి జర్నళ్లు చాలా ఉన్నాయి. ముంబయి నుంచి వచ్చే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వాటిలో ఒకటి. ఒప్పుకున్న కబురుకన్నా ముందే క్యూఆర్ కోడ్ పంపిందంటే అది జర్నల్ కాదు.

ఇంకొక గలత్‌ఫహమీ. పేపర్ అచ్చయితేనే థీసిస్ ఇవ్వనిస్తారని చాలా ఇళ్లల్లో ఇప్పటికీ భయపడుతున్నారు. యూజీసీ 2022 నియమాల్లో ఆ షరతు తీసేసింది. యూనివర్సిటీ సొంతంగా ఏదైనా పెట్టుకుందేమో అక్కడే అడగాలి, నెట్ సెంటర్‌లో కాదు. మంచి జర్నళ్లంటూ యూజీసీ నడిపిన కేర్ లిస్టు కూడా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. ‘కేర్ లిస్టెడ్’ అని ఇంకా బోర్డు పెట్టుకున్నవాళ్ల దగ్గర జాగ్రత్త. ఇప్పుడు గుర్తుపట్టే భారం స్కాలర్ మీద, గైడ్ మీద పడింది. పైగా మన పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నామని కేంద్రం పార్లమెంటులో చెప్పేసింది. ఫెలోషిప్ లేని పిల్లకు ఇంట్లో ఇంతెజార్ కూడా లేకపోతే ఏ దుకాణం దగ్గరికి పోతుందో చెప్పనక్కర్లేదు.

ఆ అమ్మాయి మజ్మూన్ తయారీలో నేను కొంచెం కూర్చున్నాను. మొదట ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయం యథాతథంగా కోసి తెచ్చింది, అరవై పేజీలు. అందులో పండుగ చరిత్ర ఉంది, ఊరి చరిత్ర ఉంది, సవాల్ లేదు. జర్నల్‌కు ఒక్క సవాల్ చాలు. అఫ్సర్ మహమ్మద్ గారు గూగూడు పీర్ల మీద రాసిన ఇంగ్లిష్ పుస్తకం 2013లోనే వచ్చింది. అది చదివి, అందులో లేనిది నీ దగ్గర ఏముంది అని అడిగాను. రెండు వారాలు ఆలోచించి, ఆడవాళ్లు పాడే పాటలు, వాళ్లే పాడగా తను విన్నవి అంది. అరవై పేజీలు పద్దెనిమిది అయ్యాయి.

తెలుగు పత్రికల్లో హవాలా అంటే దొంగ డబ్బు. ఉర్దూ మీడియంలో చదివిన నాకు హవాలా అంటే ఈ మాట ఎక్కడిదో చూపించడం. ఇక్కడ మన పిల్లలు కచ్చాగా ఉన్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో 10 శాతం వరకు పోలికకు సజా లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దానికి భయపడి కొందరు ఉర్దూ కితాబులోని పేరాను తెలుగులోకి తర్జుమా చేసి సొంతమన్నట్టు పెడుతున్నారు. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు. ఆ కితాబు చదివిన ఉస్తాద్ పట్టుకుంటాడు. చోరీ ఏ జబాన్‌లో చేసినా చోరీయే.

లిపి తంటా ఒకటి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో ఉర్దూ కొట్టిస్తాం. ఎడిటర్ కంప్యూటర్‌లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు. రెండు భాషలూ యూనికోడ్‌లో ఉండాలి. రాసినవాళ్ల పేరు ఫైల్లో కనిపించకూడదు కదా, మొదటి పేజీలో తీసేసింది. ఫైల్ వివరాల్లో చూస్తే మాత్రం నెట్ సెంటర్ భాయ్ పేరు ముసన్నిఫ్‌గా నమోదై ఉంది!

పేరు దగ్గరే అసలు పేచీ. ఇంటిపేరు ముందు పెట్టి, మిగతాది ఒక్కక్షరం చేసే పద్ధతిలో మన పిల్లలంతా ‘షేక్, ఎస్.’, ‘బేగం, ఆర్.’ అయిపోతారు. పైగా షేక్ స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. నికాహ్ తర్వాత పేరు మారిస్తే పాత పేపర్ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఓఆర్‌సీఐడీ అని 16 అంకెల నంబర్ ముఫ్త్‌గా ఇస్తారు. పేరు ఎన్ని రకాలుగా రాసినా అది మారదు. మొదటి పేపర్ పంపకముందే తీసుకోండి. రిష్తా మాట్లాడేటప్పుడు అమ్మాయి ఏ పేరుతో రాస్తుందో కూడా మాట్లాడుకుంటే మంచిది.

ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. రిష్తా ఒకచోట నడుస్తుండగా ఇంకోచోట జబాన్ ఇవ్వడం లాంటిదే ఇది. మా అమ్మాయి ఒక్కదానికే పంపింది. ఏడు నెలలకు జవాబొచ్చింది, పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని. ఇంట్లో అందరూ ఫెయిలైందనుకున్నారు, వాళ్ల అమ్మీ కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘మళ్లీ పంపు’ అంటే తలుపు తీసి ఉంచినట్టని నేను సమ్‌ఝాయించాల్సి వచ్చింది. సమీక్షకుల్లో ఒకరు పదకొండు అభ్యంతరాలు రాశారు. పదకొండింటికీ విడివిడిగా, అదబ్‌తో జవాబు రాయాలి. ఒప్పుకున్నది ఏ పేజీలో దిద్దిందో చూపాలి, ఒప్పుకోనిదానికి దలీల్ ఇవ్వాలి. తొమ్మిది దిద్దింది, ఒకదానికి దలీల్ రాసింది. మిగిలింది ఒక పాటలో మూడో చరణం రికార్డులో సరిగ్గా వినబడకపోవడం. ఆ పాట పాడిన నానీమాకు ఇప్పుడు ఎనభై దాటాయి. వచ్చే ఇత్వార్ దుల్హేభాయ్ షాపు బంద్ పెట్టి, కూతుర్ని స్కూటర్ మీద ఆ ఊరు తీసుకుపోతున్నాడు.