‘అందరూ’ అంటే ఎవరండీ?

కిందటి డిసెంబరులో నరసాపురం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాం. హైదరాబాదు నుంచి వచ్చిన ముగ్గురు మిత్రులకి కోనసీమలో ఒక పాత చర్చి చూడాలని కోరిక. కాలవగట్టు, కొబ్బరిచెట్లు, పెంకుల కప్పు, సున్నం గోడలు - ఫొటోలకి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. నాకు మాత్రం అది చూసి వచ్చేసే చోటు కాదు. అలాంటి మందిరంలోనే, ఆడవాళ్ళ వైపు చాప మీద, అమ్మ పక్కన ముసుగేసుకుని కూర్చుని నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. ఊరి పేరు రాయను. ఒక ఊరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

ఆ రోజు ఆదివారం. కూడిక ముగిశాక సంఘపెద్ద ఒకాయన మా మిత్రుణ్ణి పిలిచి “రెండు మాటలు చెప్పండి బాబూ” అన్నారు. అతను జీవితంలో మొదటిసారి చర్చి గడప తొక్కినవాడు. పాపం, గోడల మందం గురించీ దూలాల గురించీ ఏదో చెప్పి కూర్చున్నాడు. నన్ను ఎవరూ పిలవలేదు. చెంగు జారితే సర్దుకోమని మాత్రం వెనకనుంచి ఒకావిడ మెల్లగా గుర్తుచేసింది.

తర్వాత ఆ పెద్దాయన ఎంతో ఆప్యాయంగా చరిత్ర చెప్పారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు, ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఓడెక్కి రావడం. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్ వేళ్ళూనుకోవడం. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెడితే బౌడెన్ అక్కడి కూలీల మధ్యకి వెళ్ళి వాక్యం చెప్పడం.

“వాళ్ళతో ఆడవాళ్ళు కూడా వచ్చారు కదండీ, వాళ్ళ పేర్లేవిటి?” అని అడిగాను.

“బౌడెన్ దొరసానిగారు, బీర్ దొరసానిగారండి.”

“మన ఊళ్ళో మొదట నమ్ముకున్న ఆడవాళ్ళెవరండీ?”

ఆయన నవ్వి గోడమీద రాతిపలక చూపించారు. పదకొండు పేర్లు. పదకొండూ మగవాళ్ళవే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ బ్రదరన్ సంఘాలు పుట్టిందే ఒక పెద్ద తిరుగుబాటుతో. బిషప్పు అక్కర్లేదు, అభిషేకం పొందిన గురువు అక్కర్లేదు, విశ్వాసులందరూ యాజకులే అన్నారు. బౌడెన్, బీర్ కూడా అభిషిక్తులు కారు. ఈ మాట మన పేటల్లోకి వచ్చినప్పుడు ఎంత బలంగా తగిలి ఉంటుందో ఊహించండి. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్ళో, చదువు దగ్గరికి రానివ్వని ఊళ్ళో, పాలేరు లేచి నిలబడి వాక్యం చెప్పాడు. రొట్టె విరిచాడు. దాన్ని నేను తక్కువ చెయ్యను. మా తాత అలా నిలబడ్డవాడే.

కానీ ఆయన నిలబడినప్పుడు మా నాయనమ్మ కూర్చునే ఉంది. ఆవిడ ఉన్నంతకాలం అలా కూర్చునే ఉంది. ‘విశ్వాసులందరూ’ అన్న మాటలో ఆవిడ ఎందుకు లేదు? కులం కట్టిన గోడని కూలగొట్టిన మాట, చాపకీ చాపకీ మధ్యనున్న జానెడు ఖాళీని ఎందుకు దాటలేకపోయింది?

ఇలా అడిగితే పౌలుని చూపిస్తారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పద్నాలుగో అధ్యాయం: స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలి. సరే. అదే పత్రికలో పదకొండో అధ్యాయం కూడా చదవండి. ముసుగు లేకుండా ప్రార్థన చేసే స్త్రీ గురించీ, ప్రవచించే స్త్రీ గురించీ అక్కడ మాట్లాడతాడు. అంటే వాళ్ళు ప్రార్థిస్తున్నారు, ప్రవచిస్తున్నారు అనేగా? నోరే విప్పకూడని మనిషికి, నోరు విప్పేటప్పుడు ముసుగేసుకోమన్న నియమం ఎందుకు? మనవాళ్ళు ముసుగుని భద్రంగా దాచుకున్నారు, మాటని వదిలేశారు. రోమా పత్రిక చివర పరిచారకురాలైన ఫీబే పేరు ఉంది. పునరుత్థానం కబురు మోసుకెళ్ళి శిష్యులకి మొదట చెప్పింది మగ్దలేనే మరియ. ఆవిడ కూడా మౌనంగా ఉండి ఉంటే ఈ మందిరమే ఉండేది కాదు.

మిత్రులు ఫొటోలు తీసుకుంటుంటే నేను వెనక వసారాలోకి వెళ్ళాను. డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ గిన్నెలు తోముతోంది. పక్కన కూర్చుని కదిలించాను.

“మా అమ్మ పూటపూటకీ ఎసట్లో పోసే బియ్యంలోంచి గుప్పెడు తీసి డొక్కులో వేసేదండి. అందరం అంతేనండి. ఆ బియ్యం అమ్మి ఈ పెంకులు వేయించారు. తిన్నా తినకపోయినా గుప్పెడు మాత్రం తీసేవాళ్ళం.”

తర్వాత తుపాను గురించి చెప్పింది. 1996 నవంబరు 6 రాత్రి.

“పేటంతా ఇందులోనేనమ్మా. పెంకులెగిరిపోతున్నాయి. పిల్లల్ని బల్లల కింద తోశాం. పెద్దలకి నోట మాట రావట్లేదు. నేనే గట్టిగా ప్రార్థన ఎత్తుకున్నా. అందరూ ఆమెన్ అన్నారు, మొగాళ్ళు కూడాను. ఆ రాత్రి ముసుగు సంగతి ఎవరూ అడగలేదండి.”

“మరి తర్వాత?”

“తెల్లారింది కదమ్మా” అని నవ్వింది.

ఆ నవ్వు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. కప్పు ఎగిరిపోతున్నప్పుడు దేవుడికి వినబడ్డ గొంతు, కప్పు మళ్ళీ వేశాక వాక్యవిరుద్ధం ఎలా అయింది?

మిషన్ల చరిత్రలో స్త్రీలు అసలే లేరని కాదు. గుంటూరుకి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్, రాజమండ్రి లూథరన్ మిషన్లో పనిచేసిన డాక్టర్ లిడియా వర్నర్ పేర్లు దొరుకుతాయి. వాళ్ళు తెల్లవాళ్ళు, డాక్టర్లు. వాళ్ళు వెళ్ళలేని ఇళ్ళలోకి, గూడేల్లోకి నడిచివెళ్ళి చదువూ వాక్యమూ చెప్పిన తెలుగు బైబిలు స్త్రీల గురించి జేమ్స్ ఎలీషా తానేటి 2013లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. అదే ఏడాది నంద్యాలలో పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు అయ్యారు. నేనడిగేది బిషప్పు కుర్చీ కాదు. కుర్చీలే వద్దన్న సంఘంలో, లేచి నిలబడే హక్కు.

“ఇప్పుడా ఈ గొడవ? బయట మన చర్చిల మీద దాడులు జరుగుతుంటే, లోపలి మాట బయటపెడతారా?” అని నా వాళ్ళే అంటారు. ఆ భయం నాకూ ఉంది. అయితే ఒకటి అడుగుతాను. తుపాను వచ్చినప్పుడు మాట్లాడే అవసరం ఉండదంటారు, తుపాను వెలిశాక మాట్లాడే హక్కు ఉండదంటారు. మరి ఎప్పుడు మాట్లాడాలి? మమ్మల్ని పేట అని వెలివేసినవాళ్ళకి ఈ వ్యాసం ఆయుధం కాదు. వాళ్ళకి మా నాయనమ్మ ఊసెత్తే అర్హత లేదు. ఇది మా ఇంటి మాట, ఇంట్లోవాళ్ళతోనే అంటున్నాను.

వచ్చేటప్పుడు పెద్దమ్మని అడిగి, గుప్పెడు బియ్యం తీసినవాళ్ళలో ఆవిడకి గుర్తున్న పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇరవై మూడు. ఇంటిపేర్లు ఆవిడకి తెలియవు, “ఆడోళ్ళకి ఇంటిపేరేంటమ్మా” అంది. ఆ కాగితం సంఘపెద్దగారికి పంపించాను, పలక పక్కన ఇంకో పలకకి చోటుందని రాశాను. జవాబు రాలేదు.

పాత చర్చిలు చూడ్డానికి వెళ్ళే మిత్రులకి ఒక్క మనవి. గోడల ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. తర్వాత ఒకసారి వెనక వసారాలోకి వెళ్ళండి. అక్కడ గిన్నెలు తోమే ఆవిడ పేరు అడగండి.