గొంతు కావాలి, గొంతు గలవాడు అక్కరలేదా?

రాయపూర్ ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమైనది. 'చౌపాల్' కార్యక్రమంలో 'బర్సాతీ భయ్యా'గా పలికిన కేసరీ ప్రసాద్ వాజపేయి ఛత్తీస్‌గఢ్ పల్లెపల్లెకు ఇంటిమనిషి అయినాడు. 1931లో పూర్తయిన విజయనగరం రైలుమార్గం వెంట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కార్మిక కుటుంబాలకు కూడా ఆ కేంద్రం ఇరుగుపొరుగు గొంతే.

అటువంటి గొంతులను మన ప్రభుత్వ సంస్థ ఏ రీతిని పోషిస్తున్నది? దశాబ్దాల తరబడి 'స్టాఫ్ ఆర్టిస్టు' అను పేరిట కాంట్రాక్టుపై పనిచేయించుకొని, 1982లో గాని వారిని ప్రభుత్వోద్యోగులుగా పరిగణించలేదు. అనంతరం ఆ స్థానంలో 'క్యాజువల్ అనౌన్సర్' అను మరొక జాతిని సృష్టించినారు. వీరికి నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరాదన్న కట్టుబాటును ఏండ్ల తరబడి అమలుపరచినారు. ఆరే ఎందుకు? ఏడవది ఇచ్చినచో "ఇతడు మా ఉద్యోగి" అని ఒప్పుకోవలసి వచ్చునేమోనన్న భయం తప్ప వేరు హేతువు మాకు కానరాదు. పది, ఇరవై ఏండ్లు మైకు ముందు కూర్చున్నవారు సైతం నేటికీ 'తాత్కాలికులే'నట!

వీరు కళాకారులే గాని కార్మికులు కారని యాజమాన్యాలు వాదించును. ఈ వాదం హాలీవుడ్‌లో ఏనాడో భంగపడినది. 1937 నాటి 'స్నో వైట్' చిత్రంలో కథానాయికకు గొంతు ఇచ్చిన ఆడ్రియానా కాసెలాటీకి ముట్టినది 970 డాలర్లు. తెరపై పేరు లేదు. అదే ఏడు న్యూయార్క్‌లో ఫ్లైషర్ స్టూడియో చిత్రకారులు నెలల తరబడి సమ్మె చేసినారు. 1941 మే 29న డిస్నీ స్టూడియో ద్వారం ముందు వందలాది చిత్రకారులు పికెటింగ్‌కు నిలిచినారు. సంఘ కార్యకలాపాలలో పాల్గొన్న ఆర్ట్ బాబిట్‌ను, మరికొందరిని తొలగించడమే తక్షణ కారణం. బాబిట్ అక్కడ అత్యధిక జీతగాళ్ళలో ఒకడు. 'గూఫీ'కి నడక నేర్పిన చేయి అతనిది. తన కడుపు నిండియున్నను, చాలీచాలని కూలికి బొమ్మలు దిద్దే తోటివారి పక్షాన నిలిచినాడు. ప్రభుత్వ మధ్యవర్తిత్వం అనంతరం డిస్నీ సంఘాన్ని గుర్తింపక తప్పలేదు. ఆ కక్ష ఆయన మరువలేదు. 1947లో అమెరికన్ ప్రతినిధుల సభా సంఘం ఎదుట సాక్ష్యమిచ్చి, సమ్మె నాయకులను కమ్యూనిస్టులని వేలెత్తి చూపినాడు.

బగ్స్ బన్నీకి ప్రాణం పోసిన మెల్ బ్లాంక్ గతి చూడుడు. జీతం పెంచమని అడిగితే నిర్మాత నిరాకరించెను. బదులుగా 1944 నుండి తెరపై పేరు వేయనారంభించెను. పైకం లేదు గాని పేరు పుచ్చుకొమ్మన్న ఔదార్యం!

కార్టూనిస్టుల స్థితి వేరు కాదు. రాయపూర్‌ నుండి 1996లో త్ర్యంబక్ శర్మ 'కార్టూన్ వాచ్' మాసపత్రికను ప్రారంభించినాడు. కార్టూన్లకే అంకితమైన పత్రికను రాజధానులు గాక ఈ నగరం కన్నది. అది మెచ్చదగిన పని. అయితే దినపత్రికల యజమానుల సంగతేమి? 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం కార్టూనిస్టును పేరు పెట్టి మరీ జర్నలిస్టుల జాబితాలో చేర్చినది. యజమానులు చట్టాన్ని ఎదిరించలేదు. కార్టూనిస్టును ఉద్యోగంలో ఉంచుకొనడమే మానుకొనసాగినారు. బొమ్మకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చిన పిమ్మట అతనికి ప్రావిడెంట్ ఫండు లేదు, గ్రాట్యుటీ లేదు, సెలవు లేదు. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిసిపోయినది. నిర్వచనంలో ఆ మాట మిగిలియున్నది, మనిషి మిగలలేదు.

ఇంతలో కొత్త ముప్పు వచ్చిపడినది. 2024 మే 26న దూరదర్శన్ కిసాన్ చానల్ 'క్రిష్', 'భూమి' అను రెండు యంత్ర యాంకర్లను ప్రవేశపెట్టినది. ఇవి 50 భాషలలో అహోరాత్రులు మాట్లాడగలవట. రైతుతో మాట్లాడుటకు మనిషి అక్కరలేదని తేల్చినది ప్రజల సొమ్ముతో నడిచే సంస్థయే! యంత్రంపై మాకు ద్వేషం లేదు. యంత్రం మాటలు నేర్చినది మనుషుల గొంతులనుండియే గదా. ఆ గొంతుల కూలి ఎవరి ఖాతాలో జమ అయినదని అడుగుచున్నాము. అమెరికాలో వీడియో గేముల నటులు ఈ ప్రశ్నపైననే 2024 జూలైలో సమ్మెకు దిగి, దాదాపు ఏడాది పోరాడి, యంత్ర ప్రతిరూపానికి నటుని సమ్మతి కావలెనన్న నిబంధనను ఒప్పందంలో వ్రాయించుకొన్నారు.

మన ఆకాశవాణి భాండాగారాలలో వేలాది గంటల గొంతులు నిలువయున్నవి. లిఖితపూర్వక సమ్మతి, ప్రతిఫలం లేకుండా వాటిలో ఒక్క నిమిషమైనను యంత్రానికి మేపరాదన్న షరతును తదుపరి కోర్కెల పత్రంలో చేర్చవలెను. ఆరు డ్యూటీల కట్టుబాటు రద్దు దానికి పై వరుసన ఉండవలెను. రాయపూర్ రైల్వే, భిలాయి ఉక్కు సంఘాలు క్యాజువల్ అనౌన్సర్లను తమ సమావేశాలకు ఈ నెలలోనే ఆహ్వానించవలెనని కోరుచున్నాము.